బోడకాకర మొలిచేదాకా

ఉప్పల్,
8 జూన్ 2025, ఆదివారం

చెల్లె ఉమారాణిని అన్న ఉమాశంకర్ ఆశీర్వదించి రాయునది.

మేము ఇక్కడ క్షేమం. నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి మీరు క్షేమమో కాదో రోజూ బావ ముఖం చూసి తెలుసుకోవలసి వస్తున్నది. ఆ ముఖంలో ఏమీ తెలియదు. ఉప్పల్ రింగ్ రోడ్డులో ఆటో ఆపి, "అంత మంచిదే" అని వెళ్లిపోతాడు.

ఇవాళ మృగశిర. మీ వదిన స్వర్ణలత కొర్రమీను కూర చేసింది. పులుపు ఎక్కువైంది, నేను అనలేదు.

అసలు విషయం. మైసమ్మ అని అమ్మ పేరు రాసి ఉన్న ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున పాత సున్నం డబ్బా దొరికింది. మూత తీస్తే బూడిద. అందులో వేలు పెట్టి చూస్తే గింజలు. నల్లటి పెంకు, అంచుల మీద గీతలు. మన బోడకాకర గింజలే. రెండుసార్లు లెక్కపెట్టాను, ఇరవై రెండు.

మే నెలలో మా వాకిట్లో అమ్మ ఫోటో మీద చెయ్యి పెట్టి నువ్వు అన్న మాట నాకు పొల్లు పోకుండా గుర్తుంది. "అమ్మ తీగ మల్ల పందిరెక్కే దాక నీతోని ఒక్క మాట మాట్లాడ. నీ గడప తొక్క." నలుగురు విన్నారు. వాకిలికి గచ్చు పోయించింది నేనే. మీ వదిన బురదలో రెండుసార్లు జారిపడి నడుం పట్టేసింది, అందుకని పోయించాను. అది జనవరి. తీగ పూర్తిగా ఎండి ఉంది. చచ్చిందనుకున్నాను, తవ్వించేశాను. భూమిలో గడ్డ బతికుండి వానలకు మళ్లీ లేస్తుందని చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. ఆ రోజు తోచలేదు.

పదకొండు గింజలు బావ చేతికిస్తున్నాను. మిగతా పదకొండు నేను నాటాను. దానికోసం నిన్న మేస్త్రీని పిలిచి గోడ పక్కన రెండడుగుల మేర గచ్చు కోయించాను. అదే మేస్త్రీ. "సార్, జనవరిలనే గద వోసినం?" అన్నాడు. నేను టేపు తీసి రెండడుగులు కొలిచి చూపించాను.

వారంలో మొలుస్తాయి. మొలవగానే తెలియజేస్తాను.

నీ అన్న,
ఉమాశంకర్

*

నాచారం,
12 జూన్

శ్రీ ఉమాశంకర్ గారికి,

మాట్లాడనన్నాను. రాయనని అనలేదు. అందుకని రాస్తున్నాను, ఇంకో అర్థం తియ్యొద్దు.

గింజలు అందాయి. మేడ మీద రంగు డబ్బాల్లో మట్టి పోసి నాటాను. ఎట్లా నాటాలో మాత్రం నాకూ తెలియదు. అమ్మ గింజ నాటగా మనమెవరం చూడలేదు. పెళ్లయి వచ్చేటప్పుడు కీసర గుట్ట కింద నుంచి రెండు గడ్డలు కొంగున కట్టుకొచ్చి గోడ పక్కన పెట్టింది, అంతే. ఒకటి కాసేది, ఒకటి కాసేది కాదు. కాయనిదాన్ని పీకేస్తానని నాన్న ఏటా అనేవాడు. "ఉండనియ్, అది గూడ మనదే" అని అమ్మ ఏటా అనేది. ఆయన ఏమీ చేయలేక ఊరుకునేవాడు. ఊరుకోవడం కూడా ఒక మంచి గుణమే, అది అందరికీ రాదు.

మీ బావకు విషయం మొత్తం చెబితే, "గింత దానికి ఫికర్ ఎందుకు? మార్కెట్ల బోడకాకర మస్తుగ దొరుకుతున్నది" అన్నాడు. రెండు రోజులుగా ఆయనకు ఉత్త చారు పోస్తున్నాను. ఇంకా అర్థమైనట్టు లేదు.

మా అంగన్‌వాడీకి కొత్తగా పదిమంది పిల్లలు వచ్చారు. అందరూ ఏడుస్తున్నారు. నాకు పని ఉంది.

మైసమ్మ బిడ్డ,
ఉమారాణి

*

ఉప్పల్,
25 జూన్

చెల్లెకు,

పదిహేడు రోజుల పరిశీలన ఇట్లా ఉంది. నాటిన గింజలు పదకొండు. మొలిచినవి లేవు.

నీళ్లు తక్కువయ్యాయేమోనని పూటకోసారి పోశాను. ఎక్కువయ్యాయేమోనని నాలుగు రోజులు ఆపాను. లోతు ఎక్కువైందేమోనని తీసి అరంగుళం పైకి పెట్టాను. తలకిందులుగా పెట్టానేమోనని మళ్లీ తీసి తిప్పాను. మట్టి మంచిది కాదేమోనని దమ్మాయిగూడ నర్సరీ నుంచి బస్తా ఎరువు తెచ్చాను. మీ వదిన వంటింటి తొక్కలన్నీ అందులోనే పారబోస్తున్నది, బలమట.

ఇన్ని చేసినా లోపం ఎక్కడుందో తేలలేదు. నీకు తెలుసు, నాచారంలో నీళ్ల నల్లాల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు క్వాలిటీ చెకింగ్ చేశాను. పై నుంచి ఎంత చూసినా లోపల ఏముందో తెలియదు. పదింటిలో ఒకటి పగలగొట్టి చూడాలి, అదే పద్ధతి. కాబట్టి ఒక గింజ పగలగొట్టాను. లోపల పప్పు తెల్లగా, తేమగా, చాలా బాగుంది. ఒక్కదాన్ని నమ్ముకుని నిర్ణయం తీసుకోకూడదు కనుక రెండోది కూడా పగలగొట్టాను. అదీ చాలా బాగుంది.

అంటే మన గింజలు మంచివే. ఈ సంగతి నీకు ధైర్యాన్నిస్తుందని రాస్తున్నాను.

నీ అన్న,
ఉమాశంకర్

*

నాచారం,
28 జూన్

ఉమాశంకర్ గారికి,

చాలా ధైర్యం వచ్చింది. బతికున్న గింజను చంపి, చచ్చేముందు అది బాగానే ఉండిందని నాకు ఉత్తరం రాసే మనిషివి నువ్వొక్కడివే. మిగిలిన తొమ్మిదింటిని దయచేసి పరీక్ష చేయొద్దు. ఎండిన తీగను చచ్చిందన్నావు, బతికున్న గింజను పగలగొట్టావు. ఆ ఫ్యాక్టరీ వాళ్లు నిన్ను అన్నేళ్లు ఎట్లా ఉంచుకున్నారో నాకు అంతు పట్టదు.

నావి కూడా మొలవలేదు.

మా పక్కింట్లో అద్దెకుండే సాలమ్మ నాచారం చౌరస్తాలో ఆకుకూరలు అమ్ముతుంది. డబ్బాలు చూసి నవ్వింది. "గది మొండి గింజ బిడ్డా. ఉత్తగ మన్నుల వెడితె ఎప్పటికి లేస్తదో దానికే తెల్వదు. మూతి కాడ జర రాయికి రాపియ్యాలె. గోరువెచ్చ నీళ్లల్ల ఒక రాత్రి నానవెట్టాలె. మన్నుల వెట్టి మర్శిపోవాలె" అంది. ఎన్ని రోజులు మరిచిపోవాలి అని అడిగితే, "రోజులు లెక్కవెడితె మర్శిపోయినట్టెట్లయితది?" అంది.

నేను అట్లాగే చేశాను. నువ్వూ చెయ్. చెప్పింది మాత్రమే చెయ్.

మైసమ్మ బిడ్డ,
ఉమారాణి

*

ఉప్పల్,
6 జూలై

చెల్లెకు,

మొలిచింది.

పొద్దున ఆరింటికి చూశాను. ఒక్కటి, లేత పచ్చగా, రెండు మందపాటి ఆకులతో మట్టిని తోసుకుని నిలబడింది. మీ వదినను లేపి చూపించాను. ఆమె కూడా ఒప్పుకుంది.

సాలమ్మ పద్ధతే. మొదట మూడు గింజలకు మాత్రమే చేశాను. గోరువెచ్చ అంటే ఎన్ని డిగ్రీలో నువ్వు రాయలేదు. అరవై తీసుకున్నాను. రాత్రంతా వేడి తగ్గకుండా ఫ్లాస్కులో ఉంచాను.

కాళ్లు నేల మీద నిలవడం లేదు. ఈ మాట ఎవరికీ చెప్పకు.

నీ అన్న,
ఉమాశంకర్

*

నాచారం,
9 జూలై

అన్నకు,

ఉత్తరం అందిన రోజు అంగన్‌వాడీలో పిల్లలందరికీ రెండేసి గుడ్లు పెట్టబోయి ఆగాను. రిజిస్టర్ ఒప్పుకోదు. సాయంత్రం పాయసం చేశాను. మీ బావకు చారు ఆపేశాను.

గోరువెచ్చ అంటే పసిపిల్లకు పోసే నీళ్లు. అరవై డిగ్రీల్లో రాత్రంతా ఉంచితే గింజ ఉడుకుతుంది. అయినా మొలిచిందంటే అది అమ్మ మొండితనమే, నీ గొప్పేం లేదు.

కవరులో ఒక పేలిక పెట్టాను. అమ్మ కాకిరంగు నేత చీర అంచు. తీగకు అమ్మ ఎప్పుడూ చీర పేలికే కట్టేది, తాడు కోసుకుంటుందని. చీర చింపడానికి నాకు రెండు రోజులు పట్టింది. మెల్లగా కట్టు.

"ఇగ మాట్లాడుతవా మరి?" అని మీ బావ అడిగాడు. పందిరెక్కనీ అన్నాను. కానీ ఎక్కేస్తుంది.

ఉమారాణి

*

ఉప్పల్,
17 జూలై

చెల్లెకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. అది గుమ్మడి.

మీ వదిన పారబోసిన తొక్కల్లోంచి వచ్చింది. నాలుగో ఆకు అరచేతి మందాన, నూగు నూగుగా రావడంతో అనుమానం వచ్చింది. ఐదో ఆకుకు సందేహం లేకపోయింది. ఫ్లాస్కులో పెట్టిన మూడూ ఉడికిపోయాయి, తవ్వి చూశాను. ఇంకా ఆరు ఉన్నాయి.

అమ్మ చీర పేలిక గుమ్మడి తీగకు కట్టి ఉండింది. విప్పి, ఉతికి, నీడలో ఆరేశాను. మడతపెట్టి అమ్మ ఫోటో దగ్గర ఉంచాను.

నీ అన్న,
ఉమాశంకర్

*

నాచారం,
20 జూలై

శ్రీ ఉమాశంకర్ గారికి,

అరవై ఒక్క ఏళ్ల మనిషికి గుమ్మడి ఆకు, కాకర ఆకు తేడా తెలియదంటే నేను నమ్మాలి. సరే. నన్ను మాట్లాడించడానికి ఏదో ఒకటి మొలిపించావని నాకనిపిస్తున్నది. మీ బావ, "ఆయనకు గంత తెలివి లేదు" అని నీ తరఫున వాదించాడు. అది కూడా నిజమే కావచ్చు.

ఆ పాయసం నాకు ఇప్పటికీ అరగలేదు.

ఇక మొలిచేదాకా రాయకు. మొలిచాక కూడా పదో ఆకు వచ్చేదాకా రాయకు.

మైసమ్మ బిడ్డ,
ఉమారాణి

*

ఉప్పల్,
10 ఆగస్టు

చెల్లెకు,

రాయొద్దన్నావు. రాఖీ అందిందని తెలియజేయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. కవరులో అక్షరం లేదు. రాఖీ నేనే కట్టుకున్నాను. ఒక్క చేత్తో ముడి పడదు, పళ్ల సాయం తీసుకున్నాను. మీ వదిన కడతానంది, వద్దన్నాను.

నీకొక మాట చెప్పాలి. జనవరి నుంచి దాస్తున్నాను.

నవంబరులో అమ్మను దవాఖానాలో చేర్చిన రెండో రోజు, మాట ఇంకా బాగానే ఉన్నప్పుడు, నాతో అంది. "వాకిట్ల గచ్చు వోపియ్యి రా. కోడలు జారి పడుతున్నది. ముందుగాల తీగ ఎండినంక రెండు గడ్డలు తీసి ఉమారాణికియ్యి. మేడ మీద పెట్టుకుంటది." నేను సరే అన్నాను. రెండు పనులు చెప్పింది, నేను ఒకటే చేశాను. మేస్త్రీ తవ్వుతూ, "సార్, గివేం గడ్డలు?" అని రెండూ చూపించి అడిగాడు. నేను ఫోన్‌లో సిమెంటు వాడితో మాట్లాడుతున్నాను. చేత్తోనే పారెయ్ అన్నాను. ఆ చెత్త జవహర్‌నగర్ బండిలో పోయింది. వారం తర్వాత అన్నం తింటుంటే గుర్తొచ్చింది. చెయ్యి కడుక్కుని లేచాను. మర్నాడు వచ్చిన చెత్తబండి వెనకాల జవహర్‌నగర్ దాకా కూడా పోయాను. అక్కడి చెత్త గుట్టను చూసి తిరిగి వచ్చాను.

చచ్చిందనుకున్నానని మొదటి ఉత్తరంలో రాసింది అబద్ధం. మరిచిపోయాను. అమ్మ చెప్పిన ఆఖరి పని మరిచిపోయానని చెప్పడం కంటే తీగ గురించి తెలియని మూర్ఖుణ్ణి అనిపించుకోవడమే నాకు తేలిక అనిపించింది.

ఆగస్టు మూడున రెండు మొలిచాయి. ఈసారి బోడకాకరే. గుమ్మడి సంగతి తర్వాత నేను అటు వైపు పోవడం మానేశాను, చూడలేక. అప్పుడు మొలిచాయి. ఇది ముందు రాస్తే పైదంతా రాసే ధైర్యం నాకు మిగలదు, అందుకని కింద రాశాను.

నీ అన్న,
ఉమాశంకర్

*

నాచారం,
31 ఆగస్టు

అన్నకు,

నీ ఉత్తరం చదివి మూడు వారాలు జవాబు రాయలేదు. మొదటి వారం కోపం. నీ దగ్గరికి వచ్చి అరుద్దామని ఆటో ఎక్కి కూడా దిగాను, ఒట్టుంది కదా.

రెండో వారం ఇంకొకటి తెలిసింది. నా కోపం అసలు గడ్డ మీద కాదు. దవాఖానాకు నేను వచ్చేసరికి అమ్మకు మాట పడిపోయింది. నన్ను చూసింది, అంతే. నీకేదో చెప్పి ఉంటుంది, వదినకు చెప్పి ఉంటుంది, నాకు మాత్రం ఒక్క మాట లేకుండా పోయిందని తొమ్మిది నెలలు కడుపులో పెట్టుకున్నాను. తీగనన్నా ఉంచుకుందామంటే దాన్నీ తీసేశావు.

ఇప్పుడు చెబుతున్నావు, నా పేరు తీసుకుందని. మేడ మీద పెట్టుకుంటుందని అందని. నీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం కాగితం చిరిగేదాకా చదివాను. ఆ మాట నువ్వు తొమ్మిది నెలలు దాచావు. గడ్డలు పారేసినందుకు ఎప్పటికైనా క్షమిస్తానేమో, ఆ మాట దాచినందుకు నాకు ఇంకా టైము కావాలి.

ఒక విషయం నేనూ దాచాను. నిన్ను పరీక్ష చేయొద్దని రాసిన రోజు కూడా సాయంత్రం నా డబ్బాలు తవ్వి చూశాను. రోజూ చూశాను. నీ ఉత్తరం వచ్చాక తవ్వే ఓపిక లేక వదిలేస్తే పదిహేనో తారీకున ఒకటి లేచింది. నాకు సాలమ్మ వచ్చి చూపించింది.

ఉమారాణి

*

ఉప్పల్,
22 సెప్టెంబరు

చెల్లెకు,

తీగలు పందిరెక్కి పన్నెండు రోజులైంది. ఒట్టు సంగతి గుర్తు చేయడం లేదు, తెలియజేస్తున్నాను.

రెండిటికీ పసుపుపచ్చ పువ్వులు. దీపాలు పెట్టే వేళకు విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోతున్నాయి. ఒక్క పిందె లేదు. నీళ్లు, ఎరువు అన్నీ సరిగ్గా ఉన్నాయి. దేన్నీ పగలగొట్టలేదు. లోపం తెలియడం లేదు.

అమ్మ చీర పేలిక ఈసారి సరైన తీగకే కట్టాను.

నీ అన్న,
ఉమాశంకర్

*

నాచారం,
25 సెప్టెంబరు

అన్నకు,

నా తీగకూ పువ్వులే. కానీ ప్రతి పువ్వు వెనకాల బఠానీ గింజంత ముళ్ల పిందె ఉంటుంది. రెండు రోజులకు పసుపు రంగుకు తిరిగి రాలిపోతుంది. సాలమ్మకు నీ ఉత్తరం చదివి వినిపించాను. కడుపు పట్టుకుని నవ్వింది. "మీ అన్నకాడ మొగ తీగ, నీకాడ ఆడ తీగ. ఒకటి ఉప్పల్‌ల, ఒకటి నాచారంల ఉంటె కాయ యాడికెల్లి వస్తది? పువ్వు తెంపుకొచ్చి పువ్వుకు రుద్దాలె" అంది.

అమ్మ కాయని తీగను ఎందుకు పీకనియ్యలేదో ఇప్పుడు తెలిసింది. నాన్న ఆ సంగతి తెలియకుండానే పోయాడు.

పువ్వు విచ్చుకునేది సాయంత్రం. మీ బావ నాలుగింటికే ఉప్పల్ నుంచి వచ్చేస్తాడు, ఆయనతో మొగ్గలు పంపితే పనికిరావు. నువ్వే తేవాలి. నీ గడప నేను తొక్కనన్నాను గానీ, నా గడప నువ్వు తొక్కొద్దని అనలేదు. బాగా గుర్తు చేసుకున్నాను.

ఇంకో మాట. అమ్మ తీగ అంటే కాయ కాసే తీగ. కాయ లేదు కాబట్టి ఒట్టు అట్లాగే ఉంది. వచ్చినప్పుడు మాట్లాడించాలని చూడకు.

ఉమారాణి

*

ఉప్పల్,
4 అక్టోబరు

చెల్లెకు,

ఎనిమిది సాయంత్రాలుగా టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ వేసి, అందులో ఐదారు పువ్వులు పెట్టుకుని స్కూటర్ మీద మీ ఇంటికి వస్తున్నాను. సద్దుల బతుకమ్మ రోజు ఉప్పల్ చౌరస్తా అంతా బండ్ల కొద్దీ తంగేడు, గునుగు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు పక్కనున్న ఆమె నా డబ్బాలోకి చూసి, "గిన్నే పువ్వులా అన్నా?" అంది. చాలు అన్నాను.

వచ్చిన ప్రతిసారీ నువ్వు మేడ మీద సెల్‌ఫోన్ లైటు పట్టుకుని నిలబడతావు. నేను పువ్వుకు పువ్వు రుద్దుతాను. నువ్వు మంచినీళ్లు ఇస్తావు. నేను తిరిగి వచ్చేస్తాను. ఎవరూ ఏమీ అనరు. బావ కింద టీవీ చూస్తుంటాడు. ఒక్కరోజు మెట్ల మీద ఎదురై, "అంత మంచిదే" అన్నాడు.

నిన్న మాత్రం పువ్వు అందుకుంటుంటే నా మోచెయ్యి తీగకు తగిలింది. అప్పుడు నువ్వు, "జర పదిలం, పిందె రాలుతది అన్నా" అన్నావు. కింద ఎవరితోనైనా అన్నావేమోనని చూశాను. ఎవరూ లేరు. రాత్రంతా ఆలోచించాను. ఇది మాటల కింద వస్తుందా, రాదా? తెలియజేయగలవు.

నీ అన్న,
ఉమాశంకర్

*

నాచారం,
11 అక్టోబరు

అన్నా,

వస్తుంది.

ఐదు కాయలు నిలిచాయి. మొదటి కోత నిన్న అయ్యింది. మీ బావ చేతికి పంపుతున్న గిన్నెలో ఉన్నది ఆ కూరే. ఉల్లిగడ్డ, కారం, ఇంకేం వేయలేదు, అమ్మ చేసినట్టే. వదినకు పెట్టి నువ్వు తిను. నీకు పోను కొంచెం అమ్మ ఫోటో ముందు పెట్టు, నేనే వచ్చి పెడుదును గానీ ఇవాళ నాకు సెలవు లేదు. రేపు ఆదివారం వస్తాను. వదినతో కొర్రమీను చేయమను, పులుపు తగ్గించమను.

ఒక కాయను తీగ మీదే పండనిస్తున్నాను, గింజలకు. బూడిద, సున్నం డబ్బా నువ్వు తీసి పెట్టు.

చలికాలం గడ్డలు మార్చుకుందాం. నీ మగ గడ్డల్లో ఒకటి నాకు, నా ఆడ గడ్డకు పిలక వస్తే అది నీకు. అప్పుడు ఇద్దరి దగ్గరా ఇద్దరూ ఉంటారు, ఎవరూ డబ్బా పట్టుకుని తిరగక్కర్లేదు. అయినా నువ్వు సాయంత్రాలు రావడం మానకు, నాకు అలవాటైంది.

డిసెంబరులో తీగ ఎండిపోతుంది. చచ్చినట్టే కనబడుతుంది. గడ్డపార పట్టుకునే ముందు నాకు ఫోన్ చెయ్. ఎత్తుతాను.

నీ చెల్లె,
ఉమారాణి